లెక్కయు పలుకుబడియు

భాషాశాస్త్రజ్ఞుల సదస్సులను గూర్చి సాహిత్యవిద్యార్థి మాటాడుట కొందరికి అధికప్రసంగముగ తోపవచ్చును. ఆ సదస్సులలో చదువబడు పత్రములు పట్టికలతోను చిహ్నములతోను నిండియుండును. వానిని చదువువారు సాధారణముగ అట్టి పత్రములను వ్రాయువారే. అయినను మన కాలమున భాషను గూర్చిన భావములు పెక్కు మొదట ఆ సదస్సులలోనే రూపు దిద్దుకొన్నవి. నిఘంటువులో ఏ మాటకు చోటుండవలెను, బడిలో ఏ తెలుగు నేర్పవలెను, జనాభా లెక్కలలో దేనిని భాష యనవలెను, దేనిని మాండలికమనవలెను, యంత్రము అనువదించునపుడు ఏది సరియైన వాక్యము - ఈ ప్రశ్నలకు ప్రభుత్వములును సంస్థలును చెప్పు సమాధానముల వెనుక ఏదో ఒక గోష్ఠి, ఏదో ఒక పత్రసంపుటము తరచుగ కానవచ్చును. సాహిత్యమునకు భాష ముడిసరుకు. ఆ సరుకును తూచువారు ఏ తూనికరాళ్ళు వాడుచున్నారో తెలిసికొనుట పాఠకుని హక్కు.

ఈ సదస్సులలో రెండు తెగలను ముఖ్యముగ పేర్కొనవలెను. గణిత భాషాశాస్త్రము భాషను చిహ్నముల వరుసగ గ్రహించును. ఆ వరుసలను పుట్టించు సూత్రములేవి, ఒక చిహ్నము తరువాత మరియొకటి వచ్చు సంభావ్యత ఎంత అని అడుగును. సామాజిక భాషాశాస్త్రము భాషను మనుష్యుల నడుమ జరుగు వ్యవహారముగ గ్రహించును; ఎవరు, ఎవరితో, ఎచట, ఏ రీతిని మాటాడిరి అని అడుగును. మొదటిదానికి పలికినవానితో పని లేదు. రెండవదానికి పలికినవాడే ప్రధానము. ఈ రెండును వేరువేరు గదులలో కూర్చుండుట వలన రెంటికిని నష్టము కలిగినదనియు, ఆ నష్టము స్పష్టముగ బయటపడు చోటు అనువాదమనియు చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఇందుకు పుదుచ్చేరి పట్టణమును ఆధారముగ తీసికొందును. ఏలయన, ఆ రెండు చూపులును ఒకప్పుడు ఆ పట్టణమున ఒకే మనుష్యుని ఆశ్రయించి నిలిచినవి.

ఆ మనుష్యుడు ఆనందరంగ పిళ్ళై. 1709లో జన్మించి 1761లో మరణించిన ఈయన ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీ. 'దుబాసీ' అనునది 'ద్విభాషి' నుండి వచ్చిన మాట. రెండు భాషలు తెలిసినవాడని దాని అర్థము. కాని ఆ ఉద్యోగము చేయువాడు రెండు భాషల నడుమనే గాక రెండు మర్యాదల నడుమ, రెండు బజారుల నడుమ, రెండు కొలువుల నడుమ నిలువవలసి వచ్చెడిది. 1736 నుండి ఆయన తమిళమున వ్రాసికొన్న దినచర్య ఇందుకు సాక్ష్యము. ఎవరు ఎవరిని చూడవచ్చిరి, ఏమి కానుక తెచ్చిరి, ఎవరికెట్టి మర్యాద జరిగెను, గవర్నరు ఏ సందర్భమున ఏమనెను, అందుకు తానేమి బదులు చెప్పెను - ఇవన్నియు అందు కలవు. చరిత్రకారులు దానిని దక్షిణాపథ రాజకీయములకు ఆధారముగ చదివిరి. మాటతో పాటు మాటాడువాని స్థానమును కూడ లిఖించిన రచనగ దానిని చదువుట న్యాయమే.

ఆ ఆనందరంగ పిళ్ళైకే కస్తూరి రంగకవి ఒక తెలుగు లక్షణగ్రంథమును అంకితము చేసెను. 'ఆనందరంగరాట్ఛందము' అని దాని పేరు. 'లక్షణచూడామణి' అనియు వ్యవహారము కలదు. తమిళదేశమున, ఫ్రెంచివారి రేవుపట్టణమున, వర్తకుడైన దుబాసీ పేర తెలుగు ఛందశ్శాస్త్రము వెలయుట గమనింపదగిన విషయము. భాషల ఎల్లలు దేశపటములోని గీతలను అనుసరింపవనుటకు ఇది మంచి నిదర్శనము.

ఛందస్సు అనగా మొదట లెక్క. పింగళుని నాటి నుండి మన లాక్షణికులు గురులఘువుల కూర్పులలో సాధ్యమైనవానినన్నింటిని ఒక క్రమమున పరచి దానిని ప్రస్తారమనిరి. పాదమునకు ఇరువది అక్షరములున్నచో అట్టి కూర్పులు 10,48,576. మన ఉత్పలమాల వానిలో 3,55,799వది. ఈ సంఖ్యను కనుగొనుటకు పది లక్షల వృత్తములను వ్రాసికొననక్కరలేదు. పాదములోని స్థానములకు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపగుచు పోవు విలువల నిచ్చి, లఘువున్న స్థానముల విలువలను మాత్రము కూడి, ఒకటి చేర్చిన చాలును. దీనిని ఉద్దిష్టమందురు. నేటి గణనయంత్రములు వాడు ద్విసంఖ్యామానమునకు ఇది దగ్గరి చుట్టము. అయితే ఆ పది లక్షల కూర్పులలో ఈ ఒక్కదానిని నన్నయ మొదలుకొని మన కవులు ఏల అంతగ ఆదరించిరో ప్రస్తారము చెప్పదు. అది చెవికి సంబంధించినది, వాడుకకు సంబంధించినది, ఒక సమాజము తరతరములుగ చేసికొన్న ఎంపికకు సంబంధించినది. లెక్క అవకాశములను చూపును. ఎంపికను జనము చేయుదురు. దినచర్యయు ఛందమును ఒకే పేరు చుట్టు చేరుటలోని సూచన ఇదియే.

ఈ కలయిక అంతకు చాల పూర్వమే మన శాస్త్రములలో కలదు. పాణిని అష్టాధ్యాయి సుమారు నాలుగువేల సూత్రముల గ్రంథము. గణితజ్ఞులు ఆ సూత్రముల బిగువును మెచ్చికొందురు. కాని అదే గ్రంథమున తూర్పువారి వాడుక ఇది, ఉత్తరపువారి వాడుక ఇది అని చెప్పు సూత్రములును కలవు. నమస్కరించినవానికి బదులు పలుకునపుడు అతని పేరు చివరి అచ్చును సాగదీయవలెననియు, అతడు శూద్రుడైనచో ఆ సాగదీత కూడదనియు చెప్పు సూత్రమొకటి ఎనిమిదవ అధ్యాయమున ఉన్నది. అచ్చుయొక్క మాత్రలు లెక్కకు సంబంధించినవి. ఎవరికి ఎన్ని మాత్రలు అనునది సమాజమునకు సంబంధించినది. ఈ సూత్రమును చదువునపుడు మనకు రెండు విషయములు తెలియును. వ్యాకరణము సమాజమును విడిచి ఉండలేదనుట మొదటిది. సమాజములోని హెచ్చుతగ్గులు, ఎవరును అడుగకున్నచో, సూత్రము పేర స్థిరపడుననుట రెండవది. ఈ రెండవది నేటి సదస్సులకును వర్తించు హెచ్చరిక.

పతంజలి మరియొక మాట చెప్పెను. కుండలు కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయి చేయించుకొనును గాని, మాటలు కావలసినవాడెవడును వైయాకరణుని ఇంటికి పోయి మాటలు చేసియిమ్మని అడుగడని ఆయన భావము. మాటలు లోకములో ముందే ఉన్నవి. శాస్త్రము తరువాత వచ్చినది. ఈ మహాభాష్యమునకు పియేర్-సిల్వాఁ ఫిలియోజా చేసిన ఫ్రెంచి అనువాదమును 1975 నుండి ప్రకటించినది పుదుచ్చేరిలో 1955లో నెలకొన్న ఫ్రెంచి పరిశోధనసంస్థయే. కుమ్మరి ఉపమానము సముద్రము దాటి పోవుటకు మార్గము మరల ఈ పట్టణము మీదుగనే ఏర్పడినది.

ఇక ఆధునిక సదస్సుల సంగతి. 1958లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున శైలిని గూర్చి ఒక సదస్సు జరిగినది. భాషాశాస్త్రజ్ఞులు, మనస్తత్త్వశాస్త్రజ్ఞులు, సాహిత్యవిమర్శకులు ఒకచోట కూర్చుండిరి. దాని పత్రములను థామస్ సెబియాక్ సంపాదకత్వమున 1960లో సంపుటముగ ప్రకటించిరి. భాషాశాస్త్రమునకును కావ్యతత్త్వమునకును గల సంబంధమును గూర్చి రోమన్ యాకబ్‌సన్ చేసిన ప్రసిద్ధ ప్రసంగము అందులోనిదే. గద్యశైలిని సంఖ్యలతో కొలువబూనిన పత్రమును, మధ్యమపురుష సర్వనామములను అధికారమునకును సాన్నిహిత్యమునకును సూచికలుగ చూచిన రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్‌ల పత్రమును ఆ సంపుటముననే చేరినవి. లెక్కించువారును మర్యాదలను గమనించువారును కావ్యము చదువువారి యెదుట తమ తమ మాట చెప్పవలసి వచ్చిన సందర్భమది. అట్టి కూటములు తరువాత అరుదైనవి.

ఇంచుమించు అదే కాలమున 1959లో లెనిన్‌గ్రాడులో గణిత భాషాశాస్త్రమును గూర్చిన సదస్సు జరిగెను. 1961లో గోర్కీ నగరమున సాహిత్యపరిశీలనలో గణితపద్ధతులను గూర్చిన మరియొక సదస్సు జరిగెను. మహాగణితజ్ఞుడైన కొల్మగోరవ్ ఆ సంవత్సరములలో రష్యను పద్యముల లయను సంభావ్యతాశాస్త్రముతో పరిశీలించుచుండెను. 1960లో అమెరికను గణితసంఘము న్యూయార్కులో భాషానిర్మాణపు గణితస్వరూపమును గూర్చి గోష్ఠి జరిపినది. దాని సంపుటమునకు సంపాదకుడు యాకబ్‌సనే. 1962లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో తొమ్మిదవ అంతర్జాతీయ భాషాశాస్త్రజ్ఞుల మహాసభ కూడినది. నోమ్ చామ్‌స్కీ భాషాసిద్ధాంతముయొక్క తార్కికప్రాతిపదికను ప్రతిపాదించినది ఆ సభలోనే. విలియం బ్రైట్, ఏ. కె. రామానుజన్ కలిసి సామాజికభేదములకును భాషాపరిణామమునకును గల సంబంధమును గూర్చి చదివిన పత్రమును ఆ సభలోనిదే.

రామానుజన్ పేరు భారతీయసాహిత్య పాఠకులకు కవిగ, ప్రాచీన తమిళకవితల అనువాదకుడుగ, కన్నడ వచనముల అనువాదకుడుగ సుపరిచితము. ఆయన దక్షిణభారతమున బ్రాహ్మణ, బ్రాహ్మణేతర పలుకుబళ్ళను పోల్చి చూచిన భాషాశాస్త్రజ్ఞుడు కూడ అని తక్కువమందికి తెలియును. పై తరగతి పలుకుబడి ఎరువుమాటల వంటి తెలిసి చేయు మార్పులకు అనుకూలించుననియు, క్రింది తరగతి పలుకుబడిలో తెలియకుండ జరుగు మార్పులు ఎక్కువగ సాగుననియు ఆ పత్రపు వాదము స్థూలముగ ఇది. ఈ వాదము అన్ని చోట్ల నిలుచునా యనునది వేరు ప్రశ్న. కాని అనువాదకునికి అవసరమైన చెవి ఎట్టిదో ఇందు కనబడుచున్నది. ఒక వాక్యమును విన్నంతనే అది ఏ ఇంటి వాక్యమో గుర్తించు చెవి అది.

1964లో లాస్ ఏంజెలిస్‌లో బ్రైట్ నడపిన సదస్సుతో, 1966లో వెలువడిన దాని సంపుటముతో సామాజిక భాషాశాస్త్రము ప్రత్యేకశాస్త్రముగ నిలద్రొక్కుకొనెను. ఆ పేరు మాత్రము అంతకు పూర్వమే మన దేశమును గూర్చి వాడబడినది; 1939లోనే టి. సి. హాడ్సన్ భారతదేశపు సామాజిక భాషాశాస్త్రమును గూర్చి 'మ్యాన్ ఇన్ ఇండియా' పత్రికలో వ్యాసము వ్రాసెను. 1965లో యంత్రగణనకు సంబంధించిన భాషాశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సదస్సు న్యూయార్కులో మొదలైనది. ఇక ఇరువర్గములకు వేరు సభలు, వేరు పత్రికలు, వేరు పరిభాషలు ఏర్పడినవి. నడుమ వంతెన కట్టినవారు లేకపోలేదు. విలియం లాబొవ్ 1962లో న్యూయార్కు నగరమున మూడు దుకాణములకు పోయి, నాల్గవ అంతస్తులో దొరకు వస్తువునే అడిగి, బదులు చెప్పిన 264 మంది నోట 'ర' కారము ఎట్లు పలికినదో లెక్కించెను. ధనికుల దుకాణమున అది హెచ్చుగ, పేదల దుకాణమున తక్కువగ వినిపించెను. ఇచట లెక్కయు ఉన్నది, మనుష్యులును ఉన్నారు. అటుపిమ్మట ఆయన సూత్రములకు సంభావ్యతలను జోడించుటకు ప్రయత్నించెను. కాని ఇట్టి ప్రయత్నములు శాస్త్రమున ఒక శాఖగనే మిగిలినవి.

తెలుగునకు ఈ రెండు దారులును దూరమైనవి కావు. 1963లో మద్రాసు క్రైస్తవ కళాశాల ఆచార్యుడైన గిఫ్ట్ సిరోమనీ తమిళ గద్యపు ఎంట్రపీని గణించి ప్రకటించెను. 1968లో పి. బాలసుబ్రహ్మణ్యముతో కలిసి తెలుగు గద్యమునకు అట్టి గణనయే చేసెను. ఎంట్రపీ అనగా, కొన్ని అక్షరములు చదివిన పిమ్మట రాబోవు అక్షరమును గూర్చి చదువరికి మిగిలియుండు అనిశ్చితికి కొలత. అన్నియు ముందే ఊహింపగలిగినచో అది శూన్యము. ఏమియు ఊహింపలేనిచో అది గరిష్ఠము. ఇది పాఠకునికి అపరిచితమైన భావము కాదు. పాతబడిన ఉపమానమును చూచి తరువాతి మాట మనకు ముందే తెలిసిపోయినదని విసుగుకొనునపుడు మనము చేయునది ఈ గణనయే. తరువాత 1974లో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ కలిసి వాకిటిముగ్గులను రూపకల్పన చేయు వ్యాకరణమును ప్రతిపాదించిరి. పుదుచ్చేరి వీథులలో ఇల్లాండ్రు చుక్కలు పెట్టి తెల్లవారుజామున గీయు ముగ్గులో సూత్రమున్నదని గణితజ్ఞులు గుర్తించుట మెచ్చదగినది. అయితే ఏ పండుగకు ఏ ముగ్గు వేయవలెను, మైల దినములలో ఏల వేయరాదు అనునవి ఆ వ్యాకరణములోనివి కావు. చుక్కల లెక్క గడపతో ముగియును. ముగ్గు అర్థము గడప లోపల నుండి వచ్చును.

రెండవ దారిని భద్రిరాజు కృష్ణమూర్తి నడిచెను. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములకు సంబంధించినది. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చెను. ఒకే పనిముట్టునకు ఏ ప్రాంతమున ఏ పేరో ఆ కోశము చూపును. తెలుగుదేశమును నాలుగు మాండలికప్రాంతములుగ గుర్తించుటకు అట్టి సేకరణయే పునాది. అది ఆంగ్లమున కాక తెలుగున వెలువడుట గమనింపవలెను. గిడుగు రామమూర్తి వ్యావహారికమునకై చేసిన పోరాటము విద్యాశాస్త్రముగ పరిణమించిన ఘట్టమది. ఒక సంవత్సరపు ఎడముతో ఒకరు తమిళ అక్షరముల అనిశ్చితిని కొలిచిరి, మరియొకరు తెలుగు రైతుల మాటలను ప్రోగుచేసిరి. ఇద్దరి పనియు మనకు కావలసినదే. ఒకదానికొకటి తెలియకుండుటయే కొరత.

ఆ కొరత అనువాదమున ఎట్లు బయటపడునో ఇప్పుడు చూతము. ఆనందరంగ పిళ్ళై వంటి దుబాసీ యెదుట ఒక ఫ్రెంచి అధికారి 'మనము' అనియు 'మేము' అనియు రెండర్థములిచ్చు ఒకే సర్వనామమును పలుకుననుకొందము. తమిళమున, తెలుగున వలెనే, వినువానిని కలుపుకొను రూపము వేరు, విడిచిపెట్టు రూపము వేరు. దుబాసీ తక్షణమే నిర్ణయింపవలెను. లాభము మనదా, వారిదా? యుద్ధము మనదా, వారిదా? ఫ్రెంచి వాక్యమున ఈ భేదము లేదు. కాబట్టి ఆ వాక్యమును ఎన్నిమారులు లెక్కించినను సమాధానము దొరకదు. అధికారి ఎవనిని చూచుచు మాటాడెనో చూచినవానికి దొరకును. హిందీ 'హమ్'ను తెనిగించువారు నేటికిని ప్రతిపుటయందును ఈ నిర్ణయము చేయుచునే ఉన్నారు.

మధ్యమపురుషలో చిక్కు మరింత సూక్ష్మమైనది. బ్రౌన్, గిల్మన్‌ల పత్రము హిందీ, గుజరాతీలలో భర్తయు భార్యయు ఒకరినొకరు సమానమైన సర్వనామముతో పిలుచుకొనరని గమనించినది. ప్రేమ్‌చంద్ 1936లో ప్రకటించిన 'గోదాన్' మొదటి పుటలోనే ఇది కానవచ్చును. హోరీ భార్యను 'తూ' వరుసతో పలుకరించును. ధనియా అతనితో 'తుమ్' వరుసతో మాటాడును. పేద రైతుదంపతుల నడుమ ఒక చిన్న మెట్టు ఉన్నది. ఆ మెట్టు అంత ఎత్తైనది కాదు, కాని ఉన్నది. ధనియా పెనిమిటిని గద్దించునపుడు కూడ ఆ మెట్టు మీదనే నిలిచి గద్దించును. ఆమె పాత్రలోని బిగువు అందున్నది.

దీనిని తెలుగున ఎట్లు చెప్పవలెను? 'తుమ్'కు 'మీరు' అని వ్రాసినచో ధనియా పొలము విడిచి పట్టణపు మధ్యతరగతి ఇంటికి వచ్చి కూర్చుండును. 'నువ్వు' అని వ్రాసినచో మెట్టు మాయమగును. ఇద్దరును ఒకరినొకరు 'నువ్వు' అనుకొందురు. సర్వనామములను మాత్రమే లెక్కించు యంత్రమునకు ఈ రెండు దారులే కనబడును. హిందీ వాక్యము ఆంగ్లము మీదుగ ప్రయాణము చేసి తెలుగునకు చేరినచో సమస్యయే కనబడదు. ఆంగ్లమున మధ్యమపురుషకు ఒకే రూపమున్నది గనుక మెట్టు అచటనే కూలిపోయియుండును. సామాజిక భాషాశాస్త్రజ్ఞుల పట్టికయు, సర్వనామములను గూర్చి మాత్రమే ప్రశ్న వేసినచో, తెలుగు రైతు ఇండ్లలో దంపతులు సమానులని తేల్చును.

కాని తెలుగు పల్లెలో ఆ మెట్టు ఉన్నది. అది సర్వనామమున లేదు, క్రియ చివర ఉన్నది. భర్త 'రావే' యనును. భార్య 'రావయ్యా' యనును. ఇద్దరి క్రియయు ఏకవచనమే. ఇద్దరి సర్వనామమును 'నువ్వు' అనునదే. ఆ 'ఏ'కారములోను, ఆ 'అయ్యా'లోను హోరీకిని ధనియాకును నడుమ నున్న దూరము ఉన్నదున్నట్లు కొలువబడియున్నది. కోపము వచ్చినపుడును ధనియా 'అయ్యా'ను విడువదు. దానిని మరింత నొక్కి పలుకును. ఈ విషయము వ్యాకరణపు సర్వనామప్రకరణమున దొరకదు, పట్టికలలో దొరకదు, చెవికి దొరకును. అయితే ఒకసారి దొరికిన పిమ్మట దీనిని లెక్కింపవచ్చును. మన పల్లెకథలలో, నాటకములలో ఏ బంధుత్వమున ఏ ప్రత్యయము ఎంత తరచుగ వచ్చుచున్నదో గణించినచో అనువాదకునికి, నిఘంటుకారునికి, యంత్రమునకు సైతము ఉపకారము కలుగును. చెవి ప్రశ్నను చూపవలెను. లెక్క ఆ ప్రశ్నను విస్తరింపవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో లెక్క తనకు తెలిసినదానినే లెక్కించుకొనుచు ఉండును.

సామాజిక దృష్టికిని హద్దులు కలవు. 1968లో జమైకాలో జరిగిన ఒక సదస్సు సంపుటము 1971లో వెలువడినది. అందులో జాన్ గంపెర్జ్, రాబర్ట్ విల్సన్ మహారాష్ట్రలోని సాంగ్లీ ప్రాంతపు కుప్వాడ్ గ్రామమును గూర్చి వ్రాసిరి. అచట మరాఠీ, కన్నడము, ఉర్దూ తరతరములుగ కలిసి బ్రతికినవి. కొలది తెలుగు కుటుంబములును కలవు. మూడు భాషల వాక్యక్రమము దాదాపు ఒకటై, ఒకదానినుండి మరియొకదానికి పదమునకు పదము పెట్టి అనువదింపవచ్చునన్నంత దగ్గరగ వచ్చినవి. అయినను ఏ కులమువారు తమ ఇంటి మాటలను విడువలేదు. వాక్యము అందరిదియు ఒకటే, మాటలు ఎవరివి వారివే. లెక్కకు ఒకటిగ కనబడినది సమాజమునకు మూడుగ నిలిచెను. ఇది సామాజిక భాషాశాస్త్రపు గొప్ప విజయములలో ఒకటి. కాని కుప్వాడ్‌లో ఒక మనుష్యుడు తన కులపు వరుసను దాటి మాటాడిన దినము ఎట్టిదో ఆ పత్రము చెప్పజాలదు. అది దాని పని కాదు.

ఆ పని సాహిత్యమునది. గురజాడ 'కన్యాశుల్కము' 1897లో ఒక రూపమున, 1909లో మరియొక రూపమున వెలువడినది. పాత్రలను కులము, ప్రాంతము, చదువు అను గళ్ళలో పెట్టి వారి మాటతీరులను పట్టిక వేసినచో ఆ నాటకము అద్భుతముగ అమరును. గిరీశము ఆంగ్లపు ముక్కలు, అగ్నిహోత్రావధానుల పలుకు, వంటలక్కల మాట - అన్నింటికిని గళ్ళున్నవి. మధురవాణి మాత్రము ఏ గడిలోను కుదురుగ నిలువదు. ఎదుటివానిని బట్టి ఆమె మాట మారును; మారుట ఆమెకు విద్య, ఆయుధము, కడకు స్వేచ్ఛ. పురుషవేషమున సౌజన్యారావు పంతులు యెదుటికి వచ్చునపుడు ఆమె దాటునది వేషపు గీతను మాత్రమే కాదు. పట్టిక లేనిచో ఆమె ఏ గీతను దాటినదో మనకు తెలియదు. పట్టికతోనే ఆగినచో ఆమె దాటినదని తెలియదు. విమర్శకుడు ఈ రెండును తెలిసికొనవలసియున్నది.

మరల పుదుచ్చేరికి వత్తము. 1954 నవంబరు 1న ఈ ప్రాంతపు పరిపాలన భారతప్రభుత్వపు చేతికి వచ్చెను. 1962 ఆగస్టు 16న న్యాయతః విలీనము పూర్తియైనది. ఎన్నికైన ప్రజాప్రతినిధులు వేరు నిర్ణయము చేయునంతవరకు ఫ్రెంచి అధికారభాషగ ఉండునని 1956 ఒడంబడిక చెప్పెను. 1965 చట్టము తమిళమునకు అధికారభాషాస్థానమిచ్చి, యానాములో తెలుగునకును, మాహేలో మలయాళమునకును చోటు కల్పించినది. గోదావరి తీరమున, రాజధానికి వందలాది కిలోమీటర్ల దూరమున ఉన్న యానాము జనసంఖ్య 2011లో సుమారు యాబదియైదు వేలు. లెక్కకు అది చిన్నది. అక్షరముల సంభావ్యతలను గణించువానికి యానాము తెలుగునకును చుట్టునున్న జిల్లాల తెలుగునకును భేదమే కనబడకపోవచ్చును. కాని తన దరఖాస్తును తన భాషలో వ్రాసి, వేరొక భాష మాటాడు రాజధానికి పంపుకొను తెలుగువాని అనుభవము కాకినాడవాని అనుభవము కాదు. ఇంటిలో తెలుగు, రాజధానిలో తమిళము, కాగితముపై ఆంగ్లము - ఈ మూడింటి నడుమ అతడు ప్రతిదినమును దుబాసీయే. పుదుచ్చేరిలో ఫ్రెంచి సంస్థయు, విశ్వవిద్యాలయమును, భాషాశాస్త్రమునకును సంస్కృతికిని ప్రత్యేకముగ ఏర్పడిన పరిశోధనసంస్థయు కలవు. నాలుగు భాషలకు చట్టములోనో చరిత్రలోనో చోటున్న ఇట్టి ప్రాంతము భాషాసదస్సులకు సహజమైన వేదిక.

లెక్కకును జనమునకును గల సంబంధము దేశమంతట ఎంత పదునైనదో జనాభా లెక్కలే చూపుచున్నవి. 1961లో 1652 మాతృభాషల పేర్లు నమోదైనవి. 1971 నుండి పదివేలకు తక్కువమంది మాటాడు భాషలను పేరుపేరున చూపుట మానిరి. 2011లో జనులు చెప్పిన 19,569 పేర్లను వడగట్టి 1369 మాతృభాషలుగను, వానిని కూర్చి 121 భాషలుగను తేల్చిరి. భోజపురి తమ మాతృభాష యని చెప్పిన ఐదు కోట్లకు పైబడిన జనులు హిందీ లెక్కలో చేరిరి. ఇట్లు కూర్చుటకు శాస్త్రీయకారణములుండవచ్చును. కాని ఆ కూడికలో పోయినదేమో తెలియవలెనన్న ఫణీశ్వరనాథ రేణు 1954లో ప్రకటించిన 'మైలా ఆంచల్' చదువవలెను. పూర్ణియా పల్లెల మాట హిందీ నవలలో ప్రవేశించి హిందీనే మార్చివైచినది. ఆ నవలను చదువునప్పుడు 'హిందీ' అను ఒక్క మాట క్రింద ఎన్ని నోళ్ళున్నవో వినబడును. జనాభా పట్టికలో అవి వినబడవు.

కడపట, సదస్సుల భాషను గూర్చి ఒక మాట చెప్పవలెను. తెలుగు రైతు మాటను గూర్చిన పత్రము, తెలుగు తెలిసినవారు తెలుగు తెలిసినవారికి చదువు సందర్భమున కూడ, తరచుగ ఆంగ్లముననే ఉండును. అంతర్జాతీయచర్చకు అది అవసరమనుట నిజము. కాని మాటలనిచ్చినవారికి ఆ మాటలను గూర్చిన తీర్పు ఎన్నడును తిరిగి చేరకపోవుట న్యాయము కాదు. కుమ్మరి ఉపమానమును తిరుగవేసి చూచినచో, ఇచట శాస్త్రజ్ఞుడే జనుల ఇంటికి పోయి మాటలు తెచ్చుకొన్నాడు. తెచ్చుకొన్నవాడు బదులు ఏదో ఈయవలెను. వృత్తిపదకోశము అట్లు ఇచ్చినది. మన వేలాది సదస్సుపత్రములు ఈయలేదు. వీనిని తెలుగున తిరిగి చెప్పు పని అనువాదకులది, విమర్శకులది. సాహిత్యసంస్థలు కావ్యములతో పాటు ఇట్టి శాస్త్రచర్చలను కూడ దేశభాషలలోనికి తెచ్చినచో చర్చయందు మాటాడువారి సంఖ్య పెరుగును. ప్రశ్నల స్వరూపమును మారును. 'రావే', 'రావయ్యా'ల భేదమును చూపుటకు ఒక తెలుగు ఇల్లాలు చాలును. ఆమె ఆ గదిలో లేకుండుటయే మన సదస్సుల లోపము.

ఆనందరంగ పిళ్ళై కాలమున ఛందస్సు తెలిసిన కవియు, కొలువు మర్యాద తెలిసిన దుబాసీయు ఒకరినొకరు ఎరిగియుండిరి. ఒకరు అక్షరములను లెక్కించిరి; మరియొకరు ఆ అక్షరములు ఎవరి నోట ఎంత బరువు తూగునో తెలిసికొనిరి. నేడు లెక్కించువారి చేతిలో అప్పటికంటె ఎన్నో రెట్లు శక్తిమంతమైన యంత్రములున్నవి. ప్రజల పలుకుబడిని వినువారి వద్ద అప్పటికంటె చక్కని పద్ధతులున్నవి. ఇరువురిని ఒకే గదిలో కూర్చుండబెట్టి, నడుమ ఒక కావ్యమును తెరచి పెట్టవలసియున్నది. అందులోని ఒక వాక్యమును ఇరువురును కలిసి వేరొక భాషలో చెప్పబూనిననాడు, ఎవరి శాస్త్రమున ఏమి లేదో ఇరువురికిని తెలియును.